సీసం మోసుకుపోయే కల్తీ

"వెండి గ్లాసులో రాగి ఎంత ఉందో, గ్లాసు పాడుచేయకుండా చెప్పగలరా సార్?" లోహాల పాఠం మధ్యలో ఒక అమ్మాయి అడిగింది. చెప్పొచ్చు. గోటితో గీరినంత పొడి చాలు. ఆ పొడిని నమ్ముకునే లండన్ వెండి వ్యాపారం శతాబ్దాలు నడిచింది.

18వ శతాబ్దపు లండన్ వెండి కంసాలి పాల్ ద లామెరీ చేసిన కప్పులు, కాఫీ కూజాలు చూసినవాళ్లు నగిషీ దగ్గరే ఆగిపోతారు. నా కళ్లు అడుగున ఉన్న ముద్రల మీదికి పోతాయి. స్టెర్లింగ్ వెండిలో వెయ్యి పాళ్లకు 925 వెండి, మిగతాది ఎక్కువగా రాగి. ఆ లెక్క తేలనిదే లండన్‌లో వెండిని పరీక్షించే గోల్డ్‌స్మిత్స్ హాల్‌లో సింహం ముద్ర పడదు. మెరుగు పెట్టకముందే వస్తువు అక్కడికి వెళ్లాలి. బీరు తాగే ట్యాంకర్డ్ అయితే ఒళ్లు, పిడి, మూత దేనికది గీరుతారు. మూతలో కక్కుర్తి పడే కంసాలి ఎక్కడైనా ఉంటాడుగా!

గీరిన పొడిని తూచి, సీసపు రేకులో చుట్టి, ఎముకల బూడిదతో చేసిన బుల్లి దొప్పలో పెట్టి కొలిమిలోకి తోస్తారు. లోపల గాలి ఆడాలి, అదే కీలకం. కరిగిన సీసం గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి ద్రవరూపంలో ఆక్సైడు అవుతుంది. రాగి ఆక్సైడు అందులో కరిగిపోతుంది. దొప్ప నిండా సన్నని రంధ్రాలే కాబట్టి రెంటినీ కలిపి పీల్చేస్తుంది. వెండికి ఆ వేడిలో ఆక్సిజన్‌తో పొత్తు కుదరదు. పైగా తలతన్యత ఎక్కువ. తామరాకు మీద నీటిబొట్టులా దొప్పకు అంటకుండా నిలుస్తుంది. చివరి సీసపు పొర తొలగేటప్పుడు బొట్టు మీద ఇంద్రధనుస్సు రంగులు తిరుగుతాయి, మరుక్షణం తళుక్కుమంటుంది.

ఇక్కడ తొందర పనికిరాదు. కరిగిన వెండి ఆక్సైడు కాకపోయినా, తన ఘనపరిమాణానికి సుమారు 20 రెట్ల ఆక్సిజన్‌ను మింగి ఉంటుంది. గబుక్కున చల్లారిస్తే ఆ వాయువు పైపొరను చీల్చుకుని వెండి తుంపరలు ఎగజిమ్ముతుంది. తూకం తగ్గుతుంది, నిజాయితీపరుడు దొంగవుతాడు. అందుకే నిదానంగా చల్లార్చి మళ్లీ తూస్తారు. తరిగినంతా కల్తీ.

ముద్రల్లో ఏటా మారే అక్షరం ఒకటుంది, 1478 నుంచి. వస్తువు వయసు చెప్పడానికి అనుకుంటాం. అసలు సంగతి వేరు: నాసిరకం బయటపడితే ఆ ఏడు పరీక్షించిన అధికారి ఎవరో పట్టుకోవడానికి.

ఇంత కట్టుదిట్టాన్నీ లామెరీ పక్కదారి పట్టించాడు. 1720లో వెండికి ఔన్సుకు ఆరు పెన్నీల సుంకం వచ్చింది. బరువైన కూజాకు అది తడిసి మోపెడు. కొందరు కంసాలులు చిన్న వస్తువొకటి పంపి ముద్ర వేయించి, ఆ ముక్క కోసి పెద్ద పాత్ర అడుగున అతికించేవారు. లామెరీ చేతిపనుల్లోనూ ఇలాంటివి దొరికాయి. వెండి మేలిమిదే, ఎగ్గొట్టింది సుంకాన్నే! అయినా 1731లో, ఆ ముద్రలు వేసే గోల్డ్‌స్మిత్స్ కంపెనీ ఆయన్నే పాలకమండలిలోకి తీసుకుంది. ఇప్పుడు సేకర్తలు పాత్ర అడుగున నోటితో ఆవిరి ఊది చూస్తారు. అతికిన ముక్క ఉంటే టంకం గీత తేలుతుంది.

తర్వాతి కథ గబగబా నడిచింది. 1743 ప్రాంతంలో షెఫీల్డ్‌లో బోల్సోవర్ అనే పనివాడు రాగికి వెండి రేకు అంటించాడు. 1773లో షెఫీల్డ్‌కూ బర్మింగ్‌హామ్‌కూ సొంత పరీక్షాశాలలు వచ్చాయి. 1840లో బర్మింగ్‌హామ్ వ్యాపారులు ఎల్కింగ్టన్‌లు కరెంటుతో వెండిపూతకు పేటెంటు పొందారు. ఇప్పుడు వెండికి టైట్రేషన్ ఉంది, ఎక్స్-రే యంత్రాలూ ఉన్నాయి, కాకపోతే అవి పైపొరనే చూస్తాయి. బంగారం దగ్గరికొచ్చేసరికి మన హాల్‌మార్కింగ్ కేంద్రాలు నేటికీ సీసపు రేకు, దొప్ప, కొలిమినే నమ్ముకున్నాయి. ఒక్కటే అదనం: బంగారానికి ముందే కావాలని కొంత వెండి కలిపి, చివర్లో దాన్ని నత్రికామ్లంలో కరిగించి తీసేస్తారు.