పాట మీద అంటించిన హెచ్చరిక

కూతురు ముచ్చటపడిందని 1984లో అమెరికాలో ఒక తల్లి ఒక పాటల రికార్డు కొనితెచ్చింది. అమ్మాయికి పదకొండేళ్లు. గాయకుడు ప్రిన్స్, ఆల్బమ్ పేరు ‘పర్పుల్ రెయిన్’. ఆ ఏడాది అమెరికాను ఊపేసిన ఆల్బమ్ అది. తల్లీకూతుళ్లు ఇంట్లో కలిసి కూర్చుని విన్నారు. ఐదో పాట వచ్చేసరికి తల్లి ఉలిక్కిపడింది. అందులోని మాటలు ఈ పేజీలో రాయదగినవి కావు. లోపల అలాంటి పాట ఉందని రికార్డు అట్ట మీద ఒక్క ముక్కయినా లేదు.

ఆ తల్లి పేరు టిప్పర్ గోర్. తర్వాతి కాలంలో అమెరికా ఉపాధ్యక్షుడైన అల్ గోర్ భార్య. అప్పటి ఆర్థిక మంత్రి జేమ్స్ బేకర్ భార్య సూసన్ బేకర్‌తో, మరికొందరు స్త్రీలతో కలిసి 1985లో ఆమె ‘పేరెంట్స్ మ్యూజిక్ రిసోర్స్ సెంటర్’ అనే సంస్థ పెట్టారు. సినిమాకు పెద్దలకు మాత్రమే అని ముద్ర వేస్తున్నప్పుడు పాటల రికార్డుకు ఎందుకు వేయరన్నది వాళ్ల ప్రశ్న. ఉదాహరణగా పదిహేను పాటల జాబితా కూడా విడుదల చేశారు.

ఆ తల్లుల బెంగ మనకు కొత్తదేమీ కాదు. సినిమా పాట వినబడగానే ‘ఆ రేడియో కట్టెయ్’ అనే కేక వింటూ పెరిగినవాళ్లు తెలుగు క్రైస్తవ ఇళ్లలో ఎందరో ఉన్నారు. మేమూ అందులో ఉన్నాం. (ఆ సినిమా పాట బాణీలోనే భక్తిగీతం వస్తే మాత్రం చప్పట్లు కొట్టి మరీ పాడుకున్నాం. అది వేరే కథ.)

1985 సెప్టెంబరు 19న ఈ వ్యవహారం అమెరికా సెనేట్ వాణిజ్య కమిటీ ముందుకొచ్చింది. కమిటీ అధ్యక్షుడు జాన్ డాన్‌ఫర్త్ రాజకీయ నాయకుడే కాదు, ఎపిస్కోపల్ సంఘంలో అభిషేకం పొందిన గురువు కూడా. చట్టం చేయడానికి కాదు, విషయం నలుగురి ముందు పెట్టడానికే కూర్చున్నామని ఆయన మొదటే చెప్పారు. అల్ గోర్ కూడా ఆ కమిటీలో సభ్యుడే. ఫిర్యాదు చేసినామె భర్తే ప్రశ్నలు వేసేవాళ్లలో ఉండటం మనకు కాస్త ఎబ్బెట్టుగానే తోస్తుంది.

తల్లుల మాట విన్నాక గాయకుల వంతు వచ్చింది. డీ స్నైడర్ బారెడు జుట్టుతో, చేతుల్లేని జీన్సు కోటుతో వచ్చాడు. హెవీమెటల్ పాటలు పాడే ‘ట్విస్టెడ్ సిస్టర్’ బృందం గాయకుడు అతడు. చూడగానే మన సంఘాల్లో ఎవరైనా పిల్లల్ని పక్కకు లాక్కునే వేషం. అతడు నోరు తెరిచి చెప్పిన మొదటి సంగతులేమిటంటే, తనకు పెళ్లయింది, మూడేళ్ల కొడుకున్నాడు, క్రైస్తవుడిగా పెరిగాడు, ఇప్పటికీ ఆ నియమాల ప్రకారమే నడుస్తున్నాడు, సిగరెట్, మద్యం, మత్తుమందులు ముట్టడు. తర్వాత అసలు విషయానికొచ్చాడు. తన ‘అండర్ ది బ్లేడ్’ పాట హింసనూ, అత్యాచారాన్నీ ప్రోత్సహిస్తోందని టిప్పర్ గోర్ ఆరోపించారు. నిజానికి అది ఆపరేషన్ గురించిన పాట. తమ బృందంలోని గిటారు వాద్యకారుడికి గొంతు ఆపరేషన్ చేయాల్సి వచ్చినప్పుడు, కత్తి కిందికి వెళ్లే మనిషి భయాన్ని ఊహించి రాశానన్నాడు.

జాన్ డెన్వర్ కథా ఇలాంటిదే. కొండల గురించి, పల్లెల గురించి పాడే మెత్తని గాయకుడు. తన ‘రాకీ మౌంటెన్ హై’ని చాలా రేడియో స్టేషన్లు నిషేధించాయని ఆయన కమిటీకి చెప్పాడు. ‘హై’ అంటే మత్తుమందు ఎక్కిన స్థితి అని వాళ్లు అర్థం చేసుకున్నారట. కొలరాడో కొండల్లో రాత్రిపూట ఆకాశం చూసి పొందిన ఆనందం గురించి ఆయన రాసుకున్న పాట అది. దేవుని చేతిపనిని చూసి మనసు పొంగిన మనిషిని పట్టుకుని మత్తులో ఉన్నాడన్నారన్నమాట!

సంగతి పూర్తిగా వినకముందే బదులు చెప్పేవాడికి మిగిలేది అవివేకమూ అవమానమే అని సొలొమోను హెచ్చరించాడు (సామెతలు 18:13). ఆ వాక్యం మనం ఇతరులకు ఎన్నోసార్లు వినిపించాం. పాటల దగ్గరికొచ్చేసరికి మనకే గుర్తుండదు. 1966లో జాన్ లెనన్ మాట ఒకటి, బీటిల్స్ ఏసుకన్నా ప్రఖ్యాతులన్న మాట, అమెరికా పత్రికలో వచ్చినప్పుడు దక్షిణ రాష్ట్రాల్లో విశ్వాసులు ఆ బృందం రికార్డులు కుప్పపోసి తగలబెట్టారు. ఇంటర్వ్యూ మొత్తం చదివినవాళ్లు ఆ మంటల చుట్టూ ఎందరున్నారో!

అలాగని తల్లులది ఉత్త భయమని కొట్టిపారేయలేం. ఒక పాటను తప్పుగా విన్నారు, నిజమే. కానీ ఐదో పాటను సరిగ్గానే విన్నారు. వాళ్లు నిషేధం కోరలేదు, ముందుగా తెలియజేయమన్నారు. 1985 నవంబరులో రికార్డు కంపెనీల సంఘం దిగొచ్చింది. హెచ్చరిక వేయడం, లేదా పాటల సాహిత్యాన్ని అట్ట మీద అచ్చువేయడం, రెండిట్లో ఒకటి చేస్తామంది. ఇప్పుడు మనం గుర్తుపట్టే నలుపు తెలుపు ‘పేరెంటల్ అడ్వైజరీ’ ముద్ర 1990లో స్థిరపడింది. అది చట్టం కాదు, కంపెనీలు తమంతట తాము వేసుకునేది.

ముద్ర పడ్డాక దాని దారి అది చూసుకుంది. వాల్‌మార్ట్ లాంటి పెద్ద దుకాణాలు ఆ ముద్రున్న ఆల్బమ్‌లు అమ్మబోమన్నాయి. 1990లో ఫ్లోరిడాలో ‘టూ లైవ్ క్రూ’ బృందం ఆల్బమ్‌ను కోర్టు అశ్లీలమని తేల్చింది, దాన్ని అమ్మిన దుకాణదారును అరెస్టు చేశారు. పై కోర్టు 1992లో ఆ తీర్పును కొట్టేసింది. ఇటు కుర్రాళ్లేమో ముద్ర ఉంటేనే పాటలో పస ఉంటుందని వెతికి మరీ కొనుక్కున్నారు.

హెచ్చరిక వేరు, నిషేధం వేరు అని మన పూర్వికులకు తెలుసు. మూడో శతాబ్దపు బైబిలు పండితుడు ఒరిగెన్, ఆయన తర్వాత జెరోమ్ ఒక యూదుల ఆచారాన్ని రాసిపెట్టారు. ఆదికాండము ఆరంభం, యెహెజ్కేలు మొదలూ చివరా, పరమగీతము ఈ భాగాలను పరిపక్వత రానిదే యువకుల చేతికివ్వరట. జెరోమ్ అయితే ముప్పై ఏళ్లు రావాలంటాడు. పరమగీతాన్ని లేఖనాల్లోంచి తీసేయలేదు, చింపలేదు, తగలబెట్టలేదు. వయసు వచ్చేదాకా ఆగమన్నారు. ఆ వయసు వచ్చిందో లేదో చూడటానికి ఇంట్లో ఒక పెద్ద ఉండేవాడు.

మన దేశంలో సినిమాకు సెన్సార్ సర్టిఫికెట్ ఉంది. విడిగా వచ్చే పాటకు అలాంటిదేదీ లేదు. సినిమా పాటైనా సర్టిఫికెట్ కన్నా ముందే ఫోన్లలోకి వచ్చేస్తుంది. స్పాటిఫై, ఆపిల్ మ్యూజిక్ లాంటి చోట్ల పాట పేరు పక్కన చిన్న ఇంగ్లిషు ‘ఈ’ అక్షరం కనిపిస్తుంది. నలభై ఏళ్ల కిందటి ఆ తల్లుల పోరాటంలో మిగిలిన ముక్క అదే. అలాంటి పాటలు రాకుండా ఆపే మీట కూడా ఉంటుంది. మా ఇంట్లో ఒకసారి ఆ మీట నొక్కాం. మా అబ్బాయి పది నిమిషాల్లో తిప్పేసుకున్నాడు.

టిప్పర్ గోర్‌కు ఐదో పాట తెలిసింది అది ఇంట్లో అందరికీ వినబడేలా మోగింది కాబట్టి. ఇప్పుడు పాట చెవి దాటి బయటికి రాదు. ఆ ‘ఈ’ అక్షరం చూసి మొన్నొక రాత్రి మాకు కోపం వచ్చింది. తిట్టబోయి ఆగి, ఏం పాటరా అది అని అడిగాం. వాడు అనుమానంగా చూసి, ఒక ఇయర్‌ఫోన్ తీసి చేతికిచ్చాడు. ఇంగ్లిషు ర్యాప్, సగం అర్థం కాలేదు. వాడే ఆపి ఆపి చెప్పాడు. చనిపోయిన స్నేహితుడి మీద పాట అట. రెండు బూతులున్నాయి, చివర్లో ఏడుపు ఉంది. ఆ స్నేహితుడెలా పోయాడని అడిగితే, పాట రెండోసారి పెట్టి చెప్పాడు. తర్వాతి పాట మొదలవగానే మాత్రం, మేము అడగకుండానే, ‘ఇది వద్దులే నాన్నా’ అంటూ గబుక్కున మార్చేశాడు.