తుళ్లూరులోనే కూర్చుని కట్టే తొలి వెబ్‌సైట్: అపోహలు – వాస్తవాలు

పత్తి, మిరప పండిన చేలు 2015 భూసమీకరణలో రాజధానికి వెళ్లాక తుళ్లూరు చుట్టుపక్కల ఇళ్లలో పిల్లల భవిష్యత్తు గురించిన మాటలు మారిపోయాయి. 2017లో ఐనవోలులో విట్, నీరుకొండలో ఎస్ఆర్ఎం విశ్వవిద్యాలయాలు తెరుచుకున్నాయి. సాఫ్ట్‌వేర్ చదువు కళ్లెదుటే కనిపిస్తోంది. అయినా మామూలు డిగ్రీ కాలేజీలో చదువుతున్న అమ్మాయి గానీ, ఇంటర్‌తో ఆపేసి నాన్నకు కౌలు సేద్యంలో సాయపడుతున్న అబ్బాయి గానీ "వెబ్‌సైట్లు తయారుచేయడం నేర్చుకుంటాను" అంటే చుట్టూ ఉన్నవాళ్లు చెప్పేవన్నీ భయపెట్టే మాటలే. వాటిలో చాలా వరకు నిజం కావు. కొన్ని సగం నిజాలు. ఎక్కువ నష్టం చేసేవి ఆ సగం నిజాలే.

ముందు ఫ్రేమ్‌వర్క్ అంటే ఏమిటో చూద్దాం. లాగిన్, ఫారాలు, డేటాబేస్‌లో రాయడం, తీయడం, ఏ అడ్రసు కొడితే ఏ పేజీ చూపాలో తేల్చడం - ఈ పనులు దాదాపు ప్రతి వెబ్‌సైట్‌కూ ఉంటాయి. వాటిని ప్రతిసారీ మొదటి నుంచి రాసుకోకుండా, అనుభవజ్ఞులు ఒక పద్ధతిలో రాసిపెట్టిన కోడే ఫ్రేమ్‌వర్క్. పైథాన్‌లో జాంగో, ఫ్లాస్క్, పీహెచ్‌పీలో లారవెల్, రూబీలో రైల్స్ అలాంటివే. ఇక్కడ ఉదాహరణలకు జాంగోను తీసుకుంటున్నాను. కట్టబోయే సైట్ గుంటూరు మిర్చి యార్డు ధరలను రోజూ చూపించే చిన్న పేజీ అనుకుందాం.

అపోహ 1: ఇది హైదరాబాద్, బెంగళూరు వెళ్లినవాళ్ల పని.

వాస్తవం: జాంగో పుట్టింది ఏ మహానగరంలోనూ కాదు. అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలోని లారెన్స్ అనే ఊళ్లో. ఆ ఊరి జనాభా ఇప్పటికీ లక్ష లోపే. అక్కడి స్థానిక దినపత్రిక 'లారెన్స్ జర్నల్-వరల్డ్' వెబ్‌సైట్ చూసుకునే ఏడ్రియన్ హోలొవాటీ, సైమన్ విల్లిసన్ 2003లో దీన్ని మొదలుపెట్టారు. పత్రిక పని కాబట్టి అడిగిన పేజీ గంటల్లో తయారవ్వాలి. ఆ తొందరలోంచి పుట్టిన పద్ధతే జాంగో. 2005 జులైలో అందరికీ ఉచితంగా విడుదల చేశారు. తర్వాత ఇన్‌స్టాగ్రామ్ లాంటి సంస్థ దాని మీదే మొదలైంది. హైదరాబాద్ అమీర్‌పేటలో కోచింగ్ తీసుకున్నవాళ్లు చదివే అధికారిక పాఠమే తుళ్లూరులోనూ తెరుచుకుంటుంది. కోచింగ్ వల్ల తోడు దొరుకుతుంది, క్రమశిక్షణ వస్తుంది. అవి మరోలా దొరికితే ఊరు మారాల్సిన పని లేదు.

అపోహ 2: బీటెక్ సీఎస్ఈ చదవాలి, లెక్కలు బాగా రావాలి.

వాస్తవం: ధరల పేజీకి కావాల్సిన లెక్కలు కూడిక, తీసివేత, ఏది ఎక్కువ ఏది తక్కువ అన్న పోలిక. అంతకంటే ముఖ్యంగా కావాల్సింది ఎర్రర్ మెసేజ్‌ను చదివే ఓపిక. తెర నిండా ఇంగ్లిష్ లైన్లు పడగానే కొత్తవాళ్లు బెంబేలెత్తి మూసేస్తారు. పైథాన్‌లో ఎర్రర్ వచ్చినప్పుడు చివరి లైను ముందు చదవండి. ఏం తప్పు జరిగిందో అక్కడే ఉంటుంది. దాని పైన మీరు రాసిన ఫైలు పేరు, లైను నంబరు ఉంటాయి. ఈ ఒక్క అలవాటుతో సగం భయం పోతుంది. తెలుగు మీడియంలో చదివినవాళ్లకు కూడా ఆ ఇంగ్లిష్ త్వరగానే అలవాటవుతుంది. మళ్లీ మళ్లీ వచ్చేవి అవే కొద్ది మాటలు.

అపోహ 3: ఖరీదైన ల్యాప్‌టాప్, ఆగని ఇంటర్నెట్ ఉండాలి.

వాస్తవం: పైథాన్, జాంగో, కోడ్ రాసుకునే ఎడిటర్ అన్నీ ఉచితం. జాంగో డౌన్‌లోడ్ పది ఎంబీ కూడా ఉండదు. ఒక్కసారి దించుకున్నాక నెట్ లేకపోయినా సైట్ మీ కంప్యూటర్‌లోనే నడుస్తుంది, బ్రౌజర్‌లో కనిపిస్తుంది. డేటాబేస్‌గా ఎస్‌క్యూలైట్ పైథాన్‌తోనే వస్తుంది, విడిగా పెట్టుకోనక్కర్లేదు. నాలుగు జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్ నేర్చుకోవడానికి సరిపోతుంది. ఫోన్ ఒక్కటే ఉంటే మాత్రం కష్టం. చదవడానికి ఫోను పనికొస్తుంది, రాయడానికి కీబోర్డు కావాలి. కాలేజీ ల్యాబులోనో, స్నేహితుల దగ్గరో రోజుకు గంటసేపు కంప్యూటర్ దొరికేలా చూసుకోండి.

అపోహ 4: ఫ్రేమ్‌వర్క్ వస్తే హెచ్‌టీఎంఎల్, డేటాబేస్ తెలియకపోయినా పర్వాలేదు.

వాస్తవం: ఇది ప్రమాదకరమైన సగం నిజం. ఫ్రేమ్‌వర్క్ చేతి పని తగ్గిస్తుంది, తెలుసుకోవాల్సిన పని తగ్గించదు. ఒక రైతు ఫోన్‌లో మీ పేజీ తెరిస్తే ఏం జరుగుతుందో చూడండి. బ్రౌజర్ మీ సర్వర్‌ను అడుగుతుంది. జాంగో ఆ అడ్రసును మీరు రాసిన జాబితాతో పోల్చి, దానికి కేటాయించిన ఫంక్షన్‌ను పిలుస్తుంది. ఆ ఫంక్షన్ డేటాబేస్ పట్టికలోంచి ఈ రోజు తేదీ ఉన్న వరసలను తెస్తుంది. రకం తేజ, కనిష్ఠ ధర, గరిష్ఠ ధర, యార్డుకు వచ్చిన టిక్కీలు (బస్తాలు) - ఇలా. వాటిని టెంప్లేట్ అనే పేజీ నమూనాలో పోసి హెచ్‌టీఎంఎల్ పేజీగా మార్చి తిరిగి పంపుతుంది.

ఈ దారి మొత్తం మనసులో గీసుకోగలిగితే, పేజీ ఖాళీగా వచ్చినప్పుడు తప్పు ఎక్కడుందో వెతకగలరు. అడ్రసు తప్పా, పట్టికలో వరస లేదా, టెంప్లేట్‌లో పేరు తప్పు రాశారా? ఈ దారి తెలియనివాళ్లు ఇంటర్నెట్‌లో దొరికిన కోడ్ ముక్కలను ఒకదాని తర్వాత ఒకటి అతికిస్తూ పోతారు. కాబట్టి కొన్ని వారాలు హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్, పైథాన్ ప్రాథమికాల మీద పెట్టండి. అన్నీ పూర్తిగా వచ్చాకే ఫ్రేమ్‌వర్క్ ముట్టుకోవాలని మాత్రం ఆగిపోకండి. మిగతాది కడుతూ నేర్చుకోవచ్చు.

అపోహ 5: ముందు ఏ ఫ్రేమ్‌వర్క్ గొప్పదో తేల్చుకోవాలి.

వాస్తవం: మొదటిది ఏదైనా పర్వాలేదు. అడ్రసు, ఫంక్షన్, డేటా, టెంప్లేట్ అనే పని విభజన పేర్లు మారి అన్నింట్లోనూ కనిపిస్తుంది. రియాక్ట్ గురించి ఎక్కువగా వింటారు. అది బ్రౌజర్‌లో కనిపించే భాగాన్ని కట్టే లైబ్రరీ. డేటాబేస్, లాగిన్ పనులు వేరేచోట చూసుకోవాలి. ఒకటి ఎంచుకుని, ఒక సైట్ పూర్తయ్యేదాకా దాన్ని వదలకండి.

అపోహ 6: తెలుగులో వెబ్‌సైట్ చేస్తే అక్షరాలు చెదిరిపోతాయి.

వాస్తవం: చెదిరిపోయిన రోజులు ఉన్నాయి. పాత అను ఫాంట్లతో డీటీపీ సెంటర్లో కొట్టించిన మేటర్‌ను నేరుగా సైట్‌లో పెడితే ఇప్పటికీ పిచ్చి గుర్తులే కనిపిస్తాయి. ఎందుకంటే అందులో దాచింది తెలుగు అక్షరం కాదు, తెలుగులా కనిపించే బొమ్మ వేసిన ఇంగ్లిష్ అక్షరం. ప్రతి లిపిలోని అక్షరానికీ సొంత సంఖ్య ఇచ్చే యూనికోడ్ పద్ధతిలో తెలుగుకు 1991 నాటి మొదటి వెర్షన్ నుంచీ సొంత చోటు ఉంది. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరు నుంచి యూనికోడ్‌లోనే నడుస్తోంది. అను మేటర్‌ను యూనికోడ్‌లోకి మార్చుకుని వాడితే ఫోన్‌లోనూ కంప్యూటర్‌లోనూ చక్కగా కనిపిస్తుంది. సిలికానాంధ్ర సంస్థ చొరవతో వచ్చిన మండలి, రామభద్ర, సూరన్న, ఎన్టీఆర్ వంటి ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి.

అయితే ఫ్రేమ్‌వర్క్‌లు తెలుగును దృష్టిలో పెట్టుకుని పుట్టినవి కావు. అందుకే రెండు చోట్ల జాగ్రత్త అవసరం. ఒకటి, లైన్ల మధ్య దూరం. 'తుళ్లూరు' అనే మాటే చూడండి. ళ కింద ల ఒత్తు దిగుతుంది. ఇంగ్లిష్‌కు సరిపోయే దూరం ఉంచితే ఆ ఒత్తు కింది లైను గుడులను, తలకట్లను తాకుతుంది. సీఎస్ఎస్‌లో లైన్ హైట్‌ను 1.6 లేదా 1.8కి పెంచితే పేజీ హాయిగా చదువుకోవచ్చు.

రెండోది, శీర్షిక నుంచి పేజీ అడ్రసును తయారుచేసే జాంగో పనిముట్టు స్లగిఫై. మామూలుగా వాడితే తెలుగు అక్షరాలన్నీ కొట్టేసి ఖాళీ అడ్రసు ఇస్తుంది. యూనికోడ్‌ను అనుమతించమని చెప్పినా గుణింతాలను, పొల్లును అక్షరాలుగా లెక్కించదు. 'మిర్చి' అని ఇస్తే 'మరచ' అని వస్తుంది! దీనికి విరుగుడు తేలికే. అడ్రసులో ఇంగ్లిష్ అక్షరాలనో, వరస సంఖ్యనో వాడి, శీర్షికను మాత్రం నిండు తెలుగులో ఉంచండి. ఇలాంటివి తెలుగులో సైట్ కట్టినవాళ్లకే ఎదురవుతాయి. కాబట్టి వాటిని పరిష్కరించి నలుగురికీ చెప్పాల్సిన వాళ్లమూ మనమే.

అపోహ 7: భద్రత సంగతి ఫ్రేమ్‌వర్కే చూసుకుంటుంది.

వాస్తవం: చాలావరకు చూసుకుంటుంది. జాంగో పాస్‌వర్డ్‌ను ఉన్నదున్నట్టు దాచదు, వెనక్కి తిప్పలేని రూపంలోకి మార్చి దాచుతుంది. ఫారంలో ఎవరైనా కొంటె కోడ్ రాసినా టెంప్లేట్ దాన్ని ఉత్త అక్షరాలుగానే చూపిస్తుంది. కానీ ఎవరికి ఏది చూపాలన్న నిర్ణయం మీది.

రైతు ఉత్పత్తిదారుల సంఘానికి సైట్ చేశారనుకుందాం. లాగిన్ అయిన రైతుకు తన వివరాలున్న పేజీ వస్తుంది. అడ్రసు చివర 57 అని ఉంది. ఆయన దాన్ని 58గా మార్చి ఎంటర్ కొడితే పక్క రైతు బ్యాంకు ఖాతా వివరాలు తెరుచుకుంటే? లాగిన్ ఉంది, పాస్‌వర్డ్ గట్టిదే, అయినా గుట్టు బయటపడింది. 'ఈ వరస ఈ మనిషిదేనా' అన్న తనిఖీని మీరు రాయకపోవడమే కారణం. అలాగే అసలు సర్వర్ మీద తప్పుల వివరాలు చూపే డీబగ్ సెట్టింగ్‌ను ఆపకపోతే మీ లోపలి కోడ్ ఎర్రర్ పేజీలో లోకానికి కనిపిస్తుంది. జాంగో రహస్య కీని, కోడ్‌ను నలుగురితో పంచుకునే గిట్‌హబ్‌లో పెడితే తాళంచెవి గుమ్మానికి తగిలించినట్టే. 2023లో మన దేశంలో డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం కూడా వచ్చింది. అన్నింటికన్నా మంచి జాగ్రత్త ఒకటుంది: అవసరం లేని ఆధార్, ఫోన్ నంబర్లు అసలు అడగకండి. దాచనిది దొంగతనానికి పోదు.

అపోహ 8: నా కంప్యూటర్‌లో నడిచింది కాబట్టి సైట్ అయిపోయినట్టే.

వాస్తవం: జాంగోతో వచ్చే రన్‌సర్వర్ ఆదేశం మీరు కోడ్ రాస్తూ పరీక్షించుకోవడానికే. దాన్ని నేరుగా జనం మీదకు వదలొద్దని జాంగో వాళ్లే చెబుతారు. నలుగురికీ చూపాలంటే సైట్‌ను ఎప్పుడూ నెట్‌లో ఉంచే చోటు, అంటే హోస్టింగ్ కావాలి. కొత్తవాళ్లు ప్రయోగాలు చేసుకోవడానికి పైథాన్ ఎనీవేర్ వంటి చోట ఉచిత ఖాతాలున్నాయి.

సైట్‌ను బయటపెట్టే ముందు టైమ్ జోన్ కూడా సరిచూసుకోండి. కొత్త జాంగో ప్రాజెక్టు ప్రపంచ ప్రామాణిక సమయమైన యూటీసీతో మొదలవుతుంది. మన గడియారం దానికి ఐదున్నర గంటలు ముందుంటుంది. మంగళవారం తెల్లవారుజామున నాలుగింటికి మీరు ఎక్కించిన వివరం సోమవారం రాత్రి పదిన్నరదిగా కనిపిస్తుంది. సెట్టింగ్స్‌లో టైమ్ జోన్‌ను ఆసియా/కోల్‌కతాగా మార్చడం ఒక్క లైను పని. మార్చకపోతే రైతుకు ధర తేదీ తప్పుతుంది.

అపోహ 9: ఏఐ అన్నీ రాసేస్తుంది, ఇక నేర్చుకోవడం దేనికి?

వాస్తవం: ఏఐ కోడ్ వేగంగా రాస్తుంది. అది రాసింది సరైనదో కాదో తేల్చాల్సింది మీరు. ధరలను దాచే పట్టికలో డబ్బును ఫ్లోట్ రకంగా పెట్టారా, డెసిమల్ రకంగానా అన్నది చూడటానికి చిన్న విషయం. పైథాన్‌లో 0.1, 0.2 కూడి చూడండి. 0.3 రాదు, 0.30000000000000004 వస్తుంది. ఫ్లోట్‌లో దశాంశాలను కంప్యూటర్ దగ్గరి విలువగానే దాచుకుంటుంది. డబ్బు లెక్కకు డెసిమల్ వాడాలని తెలిసినవాళ్లు ఆ లైను దగ్గర ఆగుతారు. తెలియనివాళ్లు దాటిపోతారు. ఏఐని మాస్టారిలా అడగండి: 'ఈ లైను ఎందుకు? దీన్ని తీసేస్తే ఏమవుతుంది?' అని. మీకు అర్థం కాని ఒక్క లైను కూడా మీ సైట్‌లో ఉంచకండి.

అపోహ 10: కోర్సు పూర్తిచేసి సర్టిఫికెట్ తెచ్చుకుంటే పని వచ్చినట్టే.

వాస్తవం: వీడియో చూస్తున్నంతసేపూ అంతా అర్థమైనట్టే ఉంటుంది. ఖాళీ ఫైలు తెరిచినప్పుడే ఎంత వచ్చిందో తెలుస్తుంది. జాంగో సొంత వెబ్‌సైట్‌లోని ట్యుటోరియల్, 2014లో బెర్లిన్‌లో మొదలైన జాంగో గర్ల్స్ పాఠం రెండూ ఉచితమే. ఒకటి పూర్తిచేసి, వెంటనే సొంత సైట్ మొదలుపెట్టండి.

దానికి సరుకు మన ఊళ్లోనే ఉంది. విట్, ఎస్ఆర్ఎం విద్యార్థుల కోసం ఐనవోలు, తుళ్లూరు, మందడంలో అద్దె గదుల జాబితా. మిర్చి ధరల పేజీ, ప్రతి ధర పక్కన అది ఎక్కడి నుంచి తీసుకున్నారో, ఏ రోజుదో రాసి మరీ. ఊరి గ్రంథాలయంలోని పుస్తకాల పట్టిక. నలుగురు వాడితే తప్పులు వాళ్లే చెబుతారు. ఆ తప్పులు దిద్దడమే అసలైన చదువు. ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ కంటే ముందు మాట్లాడేది కూడా ఆ సైటే.

కాబట్టి తల్లిదండ్రులకు ఒక విన్నపం. పిల్లలు కంప్యూటర్ ముందు కూర్చుని ఒకే ఎర్రర్‌తో సాయంత్రమంతా కుస్తీ పడుతుంటే, టైమ్ వేస్ట్ అనుకోకండి. వాళ్లు నేర్చుకుంటున్నది అప్పుడే. నేర్చుకోబోయేవాళ్లకు ఒకే మాట. ఏ ఫ్రేమ్‌వర్క్ అన్న వాదన ఇక్కడితో ఆపండి. మన ఊరి మనిషికి ఒకరికైనా పనికొచ్చే చిన్న సైట్‌ను ఎంచుకోండి, తెలుగులో కట్టండి, పూర్తిచేయండి. రెండో సైట్ దానంతట అదే తేలికవుతుంది.