మీకు తెలుసా? నడుం టేపులో క్యాన్సర్ గుట్టు!

నెల్లూరు జిల్లా బుచ్చిరెడ్డిపాలెం బజారులో ఏ టైలరు మెడలో చూసినా ఒక టేపు వేలాడుతుంటుంది. జాకెట్టుకీ అదే, ప్యాంటుకీ అదే. బుచ్చిలో ఇంకో టేపు కూడా తిరుగుతోంది! అది ఆశా కార్యకర్త అక్క సంచిలో ఉంటుంది. కుట్టడానికి కాదు సుమండీ! ఆడవాళ్ల నడుం 80 సెంటీమీటర్లు దాటిందా అని చూడటానికి! అంటే ముప్పై ఒకటిన్నర అంగుళాలు. టైలరు పుస్తకంలో మీ పేరు పక్కన ఎంత రాసి ఉందో ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి!

మగవాళ్లు నవ్వక్కర్లేదు! మీ గీత 90 దగ్గర ఉంది. లుంగీ ఎంత వదులుగా కట్టినా టేపు ఊరుకోదు!

నడుముకీ క్యాన్సర్‌కీ ఏం సంబంధం అంటారా? దగ్గరికి రండి, చెవిలో చెబుతా. ఒళ్లు పెరిగితే ముప్పు పెరిగే క్యాన్సర్లు ఒకటీ రెండూ కాదు. ఏకంగా 13! ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి క్యాన్సర్ పరిశోధన విభాగం 2016లో తేల్చిన లెక్క ఇది. రొమ్ము, గర్భాశయం, అండాశయం, పెద్దపేగు, కాలేయం, పిత్తాశయం, క్లోమం, కిడ్నీ, థైరాయిడ్... ఇంకా ఉన్నాయి! సిగరెట్ ముట్టని, చుట్ట వాసన పడని ఇల్లాలికి కూడా ఈ జాబితా వర్తిస్తుంది!

అందులో అన్నిటికన్నా గట్టిగా ముడిపడింది ఏదో తెలుసా? గర్భాశయ క్యాన్సర్! మామూలు బరువున్న స్త్రీతో పోలిస్తే, బాగా ఎక్కువ ఊబకాయం ఉన్న స్త్రీకి ఈ ముప్పు 7 రెట్లు! గర్భాశయ ముఖద్వారం సంగతి కాదు, అది వేరే కథ. ఇది లోపలి పొరలో వచ్చేది. ముట్లు ఆగిపోయాక రక్తం కనిపిస్తే "వయసు కదా, పోనీలే" అని ఊరుకోకూడదనేది ఇందుకే!

ఇంకో వింత! కొవ్వు ఊరికే మూల కూర్చునే మూట కాదు. అదో ఫ్యాక్టరీ! ముట్లు ఆగాక అండాశయం చేతులెత్తేస్తుంది. అప్పుడు ఈస్ట్రోజెన్ తయారీని ఒంట్లో కొవ్వే అందుకుంటుంది! కొవ్వు ఎక్కువైతే తయారీ ఎక్కువ. రొమ్ములో, గర్భాశయంలో కణాలకు ఆ హార్మోను "పెరుగు, పెరుగు" అని చెబుతూనే ఉంటుంది. సెలవు లేని ఫ్యాక్టరీ!

ఇదంతా డబ్బున్నవాళ్ల జబ్బు అనుకుంటున్నారా? ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో ప్రతి వందమందికీ 36 మంది ఉండాల్సిన బరువు దాటారు! 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పిన మాట ఇది. దేశం మొత్తం మీద ఆ అంకె 24 మాత్రమే. మనం ముందున్నాం! ఇలాంటి ముందు వద్దు బాబోయ్!

పల్లెలు చల్లగా ఉన్నాయా? లేవు! 1985 నుంచి 2017 వరకు ప్రపంచంలో మనుషుల ఒళ్లు పెరిగిన తీరును శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. ఆ పెరుగుదలలో 55 శాతానికి పైగా పల్లెల వాటాయే! పట్నం కాదు, పల్లె! నాట్లకు యంత్రం వచ్చింది. కోతకు యంత్రం వచ్చింది. గిద్దెడు బియ్యం తగ్గించిన ఇల్లు మాత్రం నేను చూళ్లేదు!

ఇప్పుడొక ఫొటో కథ. ఇద్దరు డాక్టర్లు పక్కపక్కన నిలబడ్డారు. ఒకరు పుణెకు చెందిన యాజ్ఞిక్, ఇంకొకరు ఇంగ్లండుకు చెందిన యుడ్కిన్. ఎత్తు బరువుల లెక్కలో ఇద్దరిదీ ఒకే అంకె, 22.3! ఇద్దరూ సన్నమే. కానీ ఒంట్లో కొవ్వు చూస్తే? ఇంగ్లండాయనకు 9 శాతం. మనాయనకు 21 శాతం! 2004లో లాన్సెట్ పత్రిక ఆ ఫొటోతో సహా అచ్చువేసింది. చూపుకు సన్నం, లోపల వెన్నముద్ద!

అది పుట్టుకతోనే మొదలవుతుందట! పుణె దగ్గరి పల్లెల్లో పుట్టిన బిడ్డల సగటు బరువు 2.7 కిలోలు. ఇంగ్లండు బిడ్డ కంటే ముప్పావు కిలో పైనే తక్కువ! కండ తక్కువ, పొట్టలోని అవయవాలూ చిన్నవే. మరి వీపు చర్మం కింద కొవ్వు? దాదాపు ఇంగ్లండు బిడ్డకు ఉన్నంత! బక్కబిడ్డ కాదు, బక్కగా కనిపించే బొద్దుబిడ్డ!

అందుకే మన గీతే వేరు! 5 అడుగుల 2 అంగుళాల స్త్రీ 62 కిలోల దాకా ఫరవాలేదంటుంది ప్రపంచ కొలత. మన దేశపు డాక్టర్లు 57 దగ్గరే చెయ్యి పట్టుకుంటారు! అయిదు కిలోలు ముందే గంట మోగుతుందన్నమాట. తెల్లవాళ్ల చొక్కా మనకు పట్టదు మరి!

మళ్లీ టేపు దగ్గరికి వద్దాం. ఆశా అక్క చేతిలో ఒక ఫారం ఉంటుంది. ముప్పై దాటిన ప్రతి ఒక్కరికీ మార్కులు! వయసుకి, పొగాకుకి, మందుకి, నడకకి, నడుముకి. ఇక్కడ మార్కులు ఎంత తక్కువైతే అంత మంచిది! 4 దాటితే పరీక్షలకు పేరు ముందు వరుసలోకి ఎక్కుతుంది. జీవితంలో మొదటిసారి తక్కువ మార్కులకు సంతోషించే పరీక్ష!

ఆ ఫారంలో ఒక్క సెంటీమీటరు ఎంత పని చేస్తుందో తెలుసా? స్త్రీ నడుం 80 అయితే సున్నా. 81 అయితే 1 మార్కు! టేపు కాస్త వదులైతే ఒక లెక్క, కాస్త బిగిస్తే ఇంకో లెక్క! అందుకే ఇలాంటి కొలతలతో పరిశోధన చేసేవాళ్ల శిక్షణలో మొదటి పాఠం పుస్తకం కాదు, టేపు! ఒకే మనిషిని ఇద్దరు విడివిడిగా కొలుస్తారు. మళ్లీ కొలుస్తారు. అంకెలు కలవకపోతే మళ్లీ మొదటికే! నాకైతే దీని ముందు డిగ్రీ పరీక్షలే నయమనిపిస్తాయి.

ఇంత చిన్న శిక్షణతో ఏమవుతుందని పెదవి విరవకండి. 1998లో ముంబయి మురికివాడల్లో ఒక మహా ప్రయత్నం మొదలైంది. టాటా మెమోరియల్ ఆసుపత్రి వాళ్లది. రొమ్ము పరీక్ష చేసింది డాక్టర్లు కాదు! శిక్షణ పొందిన మామూలు ఆరోగ్య కార్యకర్తలు! మామోగ్రామ్ లేదు. చేతివేళ్లే యంత్రం! మొత్తం 1,51,538 మంది స్త్రీలను ఇరవై ఏళ్లు గమనించారు. అవును, ఇరవై ఏళ్లు! యాభై దాటినవాళ్లలో రొమ్ము క్యాన్సర్ చావులు దాదాపు మూడోవంతు తగ్గాయి. పెళ్లిచూపులకు వెళ్లి మనం జాకెట్టు చేతులు చూస్తున్న కాలంలో వాళ్లు ప్రాణాలు లెక్కపెట్టారు!

మన గోదావరి జిల్లాల్లోనూ ఇలాంటిదే జరిగింది, తెలుసా? 2003–04లో 45 ఊళ్లు ఎంచుకున్నారు. ఎవరైనా పోతే, శిక్షణ పొందిన కార్యకర్తలు ఆ ఇంటికి వెళ్లి కూర్చునేవారు. ఏం నొప్పి వచ్చింది, ఎన్నాళ్లు, ఏం మందులు వాడారు... అన్నీ ఓపిగ్గా అడిగేవారు. మాటలతో పోస్టుమార్టం! కత్తి లేదు, గది లేదు. తేలిందేమిటంటే, ప్రతి మూడు చావుల్లో దాదాపు ఒకటి గుండె, రక్తనాళాల జబ్బుతోనే! పల్లెలో జనం జ్వరాలకే పోతారన్న నమ్మకం ఆ వాకిళ్లలోనే కూలిపోయింది!

హైదరాబాదు కథ ఇంకా ఘాటు! అక్కడ ఆసుపత్రి ఆసుపత్రికీ తిరిగి ప్రతి క్యాన్సర్ కేసునూ రాసుకునే రిజిస్ట్రీ ఉంది. 2020లో జాతీయ నివేదిక వచ్చింది. లక్షమంది స్త్రీలకు ఏటా 48 రొమ్ము క్యాన్సర్లు! ఆ నివేదికలోని రిజిస్ట్రీలన్నిట్లో అదే పైస్థానం! చెన్నై, బెంగళూరు, ఢిల్లీ... అన్నీ వెనకే!

మరి ఎంతమంది పరీక్ష చేయించుకుంటున్నారు? ఊపిరి పీల్చుకుని వినండి. దేశంలో 30 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో జీవితంలో ఒక్కసారైనా రొమ్ము పరీక్ష చేయించుకున్నవాళ్లు వెయ్యిమందికి 9 మంది! పదిమంది కూడా లేరు! పట్టుచీరకు పది కొట్లు తిరుగుతాం కదండీ!

పుట్టుకతోనే మొదలయ్యే కథ గుర్తుందిగా? హైదరాబాదు శివారులో 29 ఊళ్లున్నాయి. 1987లో అందులో కొన్ని ఊళ్ల గర్భిణులకూ పిల్లలకూ మొక్కజొన్న, సోయా కలిపిన అదనపు తిండి పెట్టారు. మిగతా ఊళ్లకు ఆ తిండి తర్వాత వచ్చింది. పిల్లలు పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వాళ్లయ్యాక మళ్లీ వెతికి పట్టుకుని కొలిచారు! ముందు తిన్న ఊళ్ల పిల్లలు 14 మిల్లీమీటర్లు పొడుగు! అంతేనా? ఇన్సులిన్ బాగా పనిచేస్తోంది, రక్తనాళాలు మెత్తగా ఉన్నాయి! కడుపులో ఉన్నప్పుడు అమ్మ తిన్న గుప్పెడు పిండి బిడ్డ పదో తరగతిలో లెక్క తేలింది. ఆ పిల్లలు ఇప్పుడు తల్లులూ తండ్రులూ అయ్యారు. వాళ్ల నడుములు, బీపీలు, చక్కెరలు కొలుస్తూ కొత్త పరిశోధకులు ఇప్పటికీ పని నేర్చుకుంటూనే ఉన్నారు!

ఆ పని చేసింది ఎవరో తెలుసా? తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ! అది పుట్టింది హైదరాబాదులో కాదు. నీలగిరి కొండల్లోని కూనూరులో, 1918లో, ఒకే ఒక్క గదిలో! అప్పుడు దాని పని ఆకలి జబ్బులు వెతకడం. ఇప్పుడు అదే సంస్థ ఊబకాయం మీద తల బద్దలు కొట్టుకుంటోంది! ఒక్క నూరేళ్లలో గది తలకిందులైంది!

కూనూరులో ఆ సంస్థను మొదలుపెట్టిన మెక్‌కారిసన్ దొర ఎలుకలకు విందు పెట్టాడు! ఒక గుంపుకు పంజాబు సిక్కుల భోజనం. ఒకదానికి మరాఠీల భోజనం. ఇంకొకదానికి మన మద్రాసు రాష్ట్రపు అన్నం! నెల్లూరు కూడా అప్పుడు మద్రాసులోనే ఉంది సుమా! సిక్కుల రొట్టె, పాలు, కూరలు తిన్న ఎలుకలు సగటున 235 గ్రాములకు పెరిగాయి. మన అన్నం తిన్నవి? 155! పాపం! నెల్లూరు చేపల పులుసు పెట్టి చూడాల్సింది!

ఆ ఎలుకల కథకు అసలు క్లైమాక్స్ తార్నాకలో! ఆ సంస్థ 1920 నుంచి ఒకే వంశం ఎలుకల్ని పెంచుతోంది. 1996లో ఆ వంశంలో ఉన్నట్టుండి ఒక బొద్దెలుక పుట్టింది! ఎవరూ ఏ మందూ వేయలేదు. దానంతటదే! ఆ వంశంలో వచ్చిన బొద్దెలుకలు తింటూనే ఉన్నాయి, పెరుగుతూనే ఉన్నాయి. ఒకటి ఎంత తూగిందో తెలుసా? 1.47 కిలోలు! ఎలుకా, కుందేలా! ఆ బొద్దెలుకల కళ్లకు శుక్లాలు వచ్చాయి. పిల్లలు పుట్టలేదు. ఆఖరికి ఒళ్లంతా గడ్డలు! ఊబకాయం నుంచి క్యాన్సర్ దాకా దారి ఎలా పడుతుందో చూపించే మన తెలుగు నేల ఎలుక. దానికి పేరు కూడా ఇంగ్లీషు అక్షరాల్లోనే పెట్టారు. నన్నడిగితే భీమమూషికం అనేవాణ్ణి!

ఇలాంటి పరిశోధనలో దిగాలంటే పెద్ద డాక్టరై ఉండాలా? అక్కర్లేదు! ఎంబీబీఎస్ చదువుతుండగానే రెండు నెలలు సొంతంగా పరిశోధన చేసే పథకం ఒకటుంది. భారత వైద్య పరిశోధన మండలి 1979 నుంచి నడుపుతోంది! బుచ్చి పిల్లాడో పిల్లో నెల్లూరులో మెడిసిన్ చదువుతుంటే, సెలవుల్లో సొంత వీధి నడుములే కొలిచి పరిశోధన రాయొచ్చు! ఊరి పేరు మీద అచ్చులో కాగితం! రచయిత బెజవాడ గోపాలరెడ్డి పుట్టిన ఊరికి అచ్చు కొత్త కాదులెండి.

తిండి లెక్కలో ఒక చమత్కారం. నూరు గ్రాముల రాగుల్లో పీచు 11 గ్రాములు! పాలిష్ పట్టిన బియ్యంలో మూడు కూడా లేదు! రోజూ పది గ్రాముల పీచు అదనంగా తినేవాళ్లలో పెద్దపేగు క్యాన్సర్ ముప్పు పదో వంతు తక్కువని 2011లో పాతిక అధ్యయనాలు కలిపి చూస్తే తేలింది. తాతలు తిన్న సంగటిని మనమే గేదెల వైపు నెట్టేశాం!

నెల్లూరు కారం దోసె మీద నోరెత్తే ధైర్యం నాకు లేదు. ఒక్క అంకె మాత్రం చెప్పి పారిపోతా. నూనె ఒక్క గ్రాముకు 9 కేలరీలు! పిండిపదార్థానికీ చక్కెరకూ నాలుగే! పెనం మీద తిప్పే ఆ గరిటెను ఒకసారి చూడండి. గ్రాముకు గ్రాము చూస్తే దోసె కన్నా నూనే ఎక్కువ బరువు మోస్తుంది!

జపానులో 2008 నుంచి నడుం కొలవడం చట్టం! 40 నుంచి 74 ఏళ్ల వాళ్లకు టేపు ఏర్పాటు చేయాల్సిందే! తమాషా ఏమిటంటే అక్కడ ఆడవాళ్ల గీత 90, మగవాళ్లది 85. మన దగ్గర మగవాళ్ల గీతే పెద్దది! జపాను మగాళ్లకు బొజ్జ హక్కు బొత్తిగా లేదన్నమాట!

బుచ్చి పక్కనే కనిగిరి రిజర్వాయరు ఉంది. కనిగిరి పట్టణం అనుకుని బస్సెక్కేరు, అది వేరు! ఆ గట్టు గాలికి వారానికి 150 నిమిషాలు చురుగ్గా నడిస్తే చాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. రోజుకు ఇరవై రెండు నిమిషాలు కూడా నిండవు! సీరియల్ ఒక్క ఎపిసోడ్!

ఎంత తగ్గితే లాభం? ముప్పై కిలోలా? ఛ! అమెరికాలో ముట్లు ఆగిన 61 వేలమంది పైచిలుకు స్త్రీలను గమనించారు. బరువులో కనీసం అయిదు శాతం తగ్గినవాళ్లకు రొమ్ము క్యాన్సర్ 12 శాతం తక్కువ వచ్చింది! డెబ్భై కిలోల మనిషికి అయిదు శాతం అంటే ఎంత? మూడున్నర కిలోలు! అంటే ఒక ఇంగ్లండు పసిబిడ్డంత!

సరే, టేపు తెచ్చారా? బొడ్డు మీద పెట్టకండి! లుంగీ ముడి దగ్గర అసలే వద్దు! చిట్టచివరి పక్కటెముక ఒక చేత్తో పట్టుకోండి. తుంటి ఎముక పైఅంచు ఇంకో చేత్తో. ఆ రెండింటికీ సరిగ్గా నడిమధ్య టేపు చుట్టండి. ఊపిరి మామూలుగా వదిలి అప్పుడు చదవండి. పొట్ట లోపలికి లాక్కుంటున్నారా? ఆశా అక్క చూస్తూనే ఉంది! ఆమెకు ఇవాళ మీది 14వ ఇల్లు. అందరూ అదే చేశారు!