దావా గడువు ఎప్పటి నుంచి?

ఉద్యోగం ద్వారా వచ్చే డిజేబిలిటీ ఇన్సూరెన్స్ మనలో చాలామందికి ఉంటుంది. క్లెయిమ్ తిరస్కరిస్తే, అప్పీళ్లు అయ్యాక ఫెడరల్ కోర్టుకు వెళ్లే హక్కు 1974 నాటి ఎరిసా చట్టం ఇస్తుంది. అయితే ఎన్నాళ్లలోగా వెళ్లాలో తరచూ పాలసీయే చెబుతుంది.

వాల్‌మార్ట్ ఉద్యోగిని ఒకరికి హార్ట్‌ఫర్డ్ కంపెనీ ఆఖరి తిరస్కరణ 2007 నవంబరులో వచ్చింది. మూడేళ్లు నిండకముందే, 2010 నవంబరులో దావా వేశారు. కానీ పాలసీలోని మూడేళ్లు తిరస్కరణ నుంచి కాదు, క్లెయిమ్ రుజువులు ఇవ్వాల్సిన తేదీ నుంచి. గడువు మరీ తక్కువైతే తప్ప పాలసీ మాటే చెల్లుతుందని 2013లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తీర్పిచ్చింది. ఆమె దావా నిలవలేదు.

అంటే, అప్పీలు నడుస్తుండగానే గడువు కరిగిపోవచ్చు. ఈ వారాంతం మీ పాలసీ తీసి, దావా గడువు గురించిన పేరా చదవండి. ఇంట్లోవాళ్లకూ చూపించండి.