భిన్నమునకు కనిష్ఠ రూపము

రూపాయికి పదునాఱణాల లెక్క సాగిన దినములలో పండ్రెండణాలను పదునాఱింట పండ్రెండు భాగములని ఎవరును చెప్పలేదు; ముప్పావలా యనిరి. బడి మెట్లెక్కనివారికిని 12/16, 3/4 ఒక్కటేయని తెలియును. భిన్నమును కనిష్ఠ రూపమునకు తెచ్చుట యనగా ఇదియే. పై సంఖ్య లవము, క్రింది సంఖ్య హారము. రెంటిని ఒకే సంఖ్యచే భాగించినచో విలువ మారదు. అట్లు భాగించుటకు 1 తప్ప వేఱొకటి దొరకనపుడు పని ముగిసినట్లే.

విలువ మారనిచో ఈ శ్రమ యేల యని పిల్లలడుగుదురు. 1957 ఏప్రిల్ 1వ తేదీన రూపాయి నూఱు నయా పైసలైనపుడు దీనికి జవాబు అంగళ్లలోనే దొరకినది. పావలాకు సరిగా 25 నయా పైసలు వచ్చెను. బేడకో పండ్రెండున్నర. అర పైసను ఎవరు తేగలరు? అరయు, అంతకు తక్కువయు విడిచిపెట్టవలెననియు, మించినచో పూర్తి పైసగా లెక్కింపవలెననియు నాటి నియమము. కావున బేడకు 12 మాత్రమే. రెండుమార్లు బేడ సరకు కొన్నవానికి 24, ఒకేమారు పావలా సరకు కొన్నవానికి 25! నూఱును 16చే భాగింప శేషము మిగులును గదా, మరి పావలా ఎట్లు సరిపోయినది? 4/16ను కుదించి చూడవలెను. అది 1/4, నూఱును 4 నిశ్శేషముగా భాగించును. బేడయనగా 2/16, కుదించిన 1/8. నూఱును 8 అట్లు భాగింపదు. కుదింపని భిన్నములో ఈ తేడా కనబడదు.

చిన్న సంఖ్యలకు 2, 3, 5లతో ప్రయత్నించిన చాలును. కాని 391/437 వంటిది ఎదురైనచో? 2 మొదలు 19 వఱకు ఏదియు రెంటిని భాగింపదు. ఇక కుదింపు లేదని విడిచిపెట్టుదుము, అది పొరపాటు. క్రీ.పూ. 300 ప్రాంతమున యూక్లిడ్ చెప్పినదియు, 499 నాటి ఆర్యభటీయమున కుట్టకములో వాడబడినదియు నైన పరస్పర భాగహారమే ఇచట శరణ్యము. 437లో 391 పోగా 46. 391ని 46చే భాగింప శేషము 23. 46ను 23చే భాగింప శేషము లేదు. కావున 23 గరిష్ఠ సామాన్య భాజకము, భిన్నము 17/19. రెండు సంఖ్యలను భాగించునది వాని భేదమును గూడ భాగింపక తప్పదు. ఇందలి కిటుకంతయు అదియే.

16/64లో ఆఱులు రెంటిని కొట్టివేసి 1/4 అని వ్రాసిన కుఱ్ఱవానిని మేమెఱుగుదుము. జవాబు సరియే! అదే ధైర్యముతో అతడు 13/39లో మూళ్లను కొట్టివేసి 1/9 తెచ్చెను. కొట్టివేయవలసినవి అంకెలు కావు, గుణకములు. 39ని 13 × 3గా విడదీసి చూపగా 1/3 వ్రాసెను. ఆ మొదటి లెక్కకు మార్కు వేయవచ్చునా యని మేమింకను తేల్చుకొనలేదు.