మీకు తెలుసా? తప్పు ఒకరిది, కోత ఇంకొకరికి

పదిమంది కలిసి చేసే పని ఎందుకు సాగుతుంది, ఎందుకు చెడుతుంది అన్నదాని మీద ప్రపంచమంతా మేనేజ్‌మెంట్ కాలేజీల్లో చెప్పుకునే పాఠాల్లో ఒకటి బొగ్గుబాయిలో పుట్టింది. ఆ బాయి ఇంగ్లండుది. అయినా ఆ పాఠం చదువుతుంటే బెల్లంపల్లిలోనో గోదావరిఖనిలోనో షిఫ్టు దిగి వచ్చిన మనిషి ఇంట్లో చెప్పే ముచ్చటలాగే ఉంటుంది.

1951లో లండన్‌లోని టావిస్టాక్ ఇన్‌స్టిట్యూట్ నుంచి ఎరిక్ ట్రిస్ట్, కెన్ బామ్‌ఫోర్త్ ఒక వ్యాసం రాశారు. బామ్‌ఫోర్త్ అంతకుముందు ఏళ్ల తరబడి బొగ్గు తవ్విన కార్మికుడు. అందుకే ఆ వ్యాసంలో బాయి లోపలి సంగతి కళ్లకు కట్టినట్టు ఉంటుంది. పాత పద్ధతిలో ఇద్దరు ముగ్గురు తమకు నచ్చిన తోడును చూసుకుని ఒక చోటు పట్టేవారు. తవ్వడం, నింపడం, పైకప్పుకు కర్రలు నిలబెట్టడం అన్నీ వాళ్లే చేసుకునేవారు. కూలి కలిసి పంచుకునేవారు. ఒకరికి దెబ్బ తగిలితే అతని ఇల్లు గడిచే సంగతి కూడా మిగిలినవాళ్లే చూసేవారు.

ఆ తర్వాత యంత్రాలతో లాంగ్‌వాల్ పద్ధతి వచ్చింది. నలభై మంది దాకా మనుషుల్ని మూడు షిఫ్టులుగా విడగొట్టారు. ఒక షిఫ్టు బొగ్గు కోస్తుంది, ఇంకో షిఫ్టు కన్వేయర్‌ను విప్పి ముందుకు జరుపుతుంది, మూడో షిఫ్టులో ఫిల్లర్లు దిగి బొగ్గు ఎత్తుతారు. ఎవరి పని వాళ్లది, ఎవరి కూలి రేటు వాళ్లది.

ఇక ఫిల్లరు సంగతి చూడండి. తనకు ఇచ్చిన పది గజాల దగ్గరికి చేరేసరికి కోత సరిగా పడలేదు, అడుగున బొగ్గు గట్టిగా అంటుకుని ఉంది. కన్వేయర్ వంకరగా కూర్చుంది. పైకప్పు కొంచెం కొంచెంగా రాలుతోంది. ఆ తిప్పలన్నీ అతనే పడాలి, ఆ రోజు కూలి తగ్గితే అతనికే తగ్గుతుంది. తప్పు చేసిన మనిషి అప్పటికే షిఫ్టు దిగి ఇంటికి పోయాడు. అడుగుదామంటే ఎదురుగా లేడు. పక్క ఫిల్లరుకు తన పది గజాలతోనే సరిపోయింది. అందుకే నాగాలు పెరిగాయి, గొడవలు పెరిగాయి, ఒక షిఫ్టు మీద ఇంకో షిఫ్టు నెపం వేసుకోవడం పెరిగింది. మనుషులు చెడ్డవాళ్లయ్యారని కాదు, పని పంచిన తీరే వాళ్లను అలా చేసిందని ట్రిస్ట్, బామ్‌ఫోర్త్ చెప్పారు.

దీనికి రుజువు తర్వాత డర్హమ్ గనుల్లో దొరికింది. అదే రకం యంత్రాలతో అదే లాంగ్‌వాల్‌ను ఒకచోట పైన చెప్పినట్టు ఎవరి పని వాళ్లకు విడగొట్టి, మరోచోట వేరేగా నడిపారు. రెండో చోట కార్మికులే షిఫ్టులు పంచుకున్నారు, పనులు మార్చుకున్నారు. ముందు షిఫ్టు వదిలిన పనిని తర్వాతి షిఫ్టు అందుకుంది. కూలి అందరిదీ ఒకే చిట్టాలో పడింది, దాన్ని సమానంగా పంచుకున్నారు. ట్రిస్ట్ బృందం 1963లో అచ్చువేసిన లెక్క ఇది: మొదటిచోట మనిషికి షిఫ్టుకు 3.5 టన్నుల బొగ్గు వస్తే, రెండోచోట 5.3 టన్నులు. నాగాలు మొదటిచోట 20 శాతం, రెండోచోట 8.2 శాతం. వాటిలో ప్రమాదాల వల్ల పోయినవే మొదటిచోట 6.8, రెండోచోట 3.2. నాకు టన్నుల కన్నా ఈ చివరి అంకె ముఖ్యం. పక్కవాడి కష్టం తన లెక్కలోకి వచ్చినప్పుడు మనుషులు ఒకరినొకరు కనిపెట్టుకుని ఉంటారు.

లాభం పంచుకోవడానికి ఎవరైనా ముందుకొస్తారు. నష్టం కూడా పంచుకోవాలని రాసిపెట్టిన చట్టం ఒకటి మన దగ్గరే ఉందని మీకు తెలుసా? అది 1995లో వచ్చిన పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం. అంతకుముందు 1964 సహకార సంఘాల చట్టం కింద ప్రభుత్వం తలుచుకుంటే సంఘం పాలకవర్గాన్ని తీసేసి పర్సన్ ఇన్‌చార్జిని కూర్చోబెట్టగలిగేది, ఎన్నికలు వాయిదా వేయగలిగేది. సొమ్ము సభ్యులది, పెత్తనం ఇంకొకరిది. కొత్త చట్టం కింద నడిచే సంఘంలో ప్రభుత్వ వాటా ధనం ఉండదు. లోటు వస్తే దాన్ని సభ్యులే, సంఘాన్ని ఎంత వాడుకున్నారో ఆ లెక్కన భరించేలా మహాసభ తీర్మానించవచ్చు. మహాసభ పెట్టని, ఎన్నికలు జరపని, లెక్కలు చూపని డైరెక్టర్లు పదవి పోగొట్టుకుంటారు, మూడేళ్లు మళ్లీ నిలబడలేరు.

ఈ చట్టం కిందే 2000లో పాత కరీంనగర్ జిల్లా ముల్కనూరులో మహిళల పాల డెయిరీ మొదలైంది. మార్కెట్లో దాని పేరు స్వకృషి. ఆ ఊరికి సహకారం కొత్త కాదు. 1956లోనే ఎ.కె. విశ్వనాథరెడ్డి చొరవతో 14 ఊళ్ల రైతులు అక్కడ సహకార గ్రామీణ బ్యాంకు పెట్టుకున్నారు. ఆడవాళ్లు ముందు పొదుపు సంఘాల్లో తమ డబ్బు తామే లెక్కపెట్టుకోవడం నేర్చుకుని ఆ తర్వాత డెయిరీకి వచ్చారు. ఈ వరస చాలా ముఖ్యమని నా నమ్మకం. చిన్న మొత్తాలతో, తెలిసిన మొహాల మధ్య అప్పు ఇచ్చి వసూలు చేసుకున్న అనుభవం ఉంటే పెద్ద సంస్థ సభలో లేచి ప్రశ్న అడగడానికి జంకు ఉండదు. పొద్దున, సాయంత్రం ఊళ్లోని కేంద్రంలో పాలు పోస్తారు. వెన్న శాతం చూసి ధర కడతారు. పది లీటర్లు పోసినా రెండు లీటర్లు పోసినా ఓటు మాత్రం ఒక్కటే. నీళ్లు కలిపిన పాలు వస్తే పడేది అందరి పేరూ, అందరి బోనసూ. అలాంటప్పుడు కేంద్రంలో పాలను పరీక్ష చేస్తే ఎవరికీ కోపం రాదు.

పంపకం సంగతి అలా ఉంచితే, కొత్తగా చేరిన మనిషిని సంస్థలో కలుపుకోవడం ఎలా అన్నది ఇప్పుడు కంపెనీలకు పెద్ద పని. ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో దానికి ఏనాటి నుంచో ఒక పద్ధతి ఉంది. పుష్య అమావాస్యకు జరిగే నాగోబా జాతరలో మెస్రం వంశంలోకి వచ్చిన కొత్త కోడళ్లను దేవుడికి, పెద్దలకు పరిచయం చేస్తారు. దాన్ని భేటింగ్ అంటారు. అది అయ్యాకే ఆ అమ్మాయి ఆ వంశపు మనిషి. జాతరకు వచ్చిన వంశస్థులందరికీ వంట గుంపుగా జరగదు, వంశంలోని 22 కితలకు, అంటే శాఖలకు, 22 పొయ్యిలు. పూజకు కావలసిన కుండలు సిరికొండలోని గుగ్గిళ్ల వంశం కుమ్మరులే చేసిస్తారు. ఎవరి వంతు ఏదో తెలియని మనిషి అక్కడ ఉండడు.

మళ్లీ బొగ్గు దగ్గరికి వద్దాం. 1990లలో సింగరేణి ఖాయిలా పడ్డ సంస్థల లెక్కలోకి చేరి అలాంటి సంస్థల సంగతి చూసే బీఐఎఫ్‌ఆర్ బోర్డు గడప తొక్కింది. ఒక్కో గని మీద ఎన్నో సంఘాలు, మాటకు ముందే సమ్మె. అప్పుడు చేసిన పనుల్లో రెండు నిలిచాయి. 1998లో రహస్య బ్యాలెట్‌తో గుర్తింపు సంఘం ఎన్నికలు పెట్టారు, కార్మికుల తరఫున ఎవరు మాట్లాడాలో కార్మికులే తేల్చారు. రెండోది లాభాల్లో వాటా. దాంతోపాటు వేరువేరు విభాగాల అధికారులు గనుల మీదికి వచ్చి ఉత్పత్తి ఎంత, ఖర్చు ఎంత అని కార్మికులకు చెప్పే మల్టీ డిపార్ట్‌మెంట్ టీంల సమావేశాలూ జరుగుతున్నాయి. లెక్క తెలియని మనిషికి వాటా అంటే దానంలాగే అనిపిస్తుంది కాబట్టి ఇవి కావలసినవే.

2023-24కు పంపకానికి తీసుకున్న 2,412 కోట్ల లాభంలో 33 శాతం, అంటే 796 కోట్లు కార్మికులకు పంచారు. సగటున ఒక్కొక్కరికి 1.90 లక్షలు. అదే సింగరేణిలో పనిచేసే సుమారు 25 వేల మంది కాంట్రాక్టు కార్మికులకు కూడా ఆ ఏడాదే తొలిసారి ఏదో ఒకటి దక్కింది. ఒక్కొక్కరికి 5,000 రూపాయలు. ఇచ్చినందుకు సంతోషమే. కానీ ఒకే ప్రాంగణంలో ఒకే దుమ్ము పీల్చే ఇద్దరి మధ్య ఇంత తేడా ఉంటే, వాళ్లిద్దరూ ఒకే జట్టు అని ఏ సమావేశంలో చెప్పినా నమ్మకం కుదరదు. కాంట్రాక్టు కార్మికులకు లాభాల్లో శాతం లెక్కన వాటా రావాలి, చేతికిచ్చే మొత్తంగా కాదు. మరుసటి ఏడాది వాళ్లకు ఇచ్చింది 5,500.