కొట్టు, స్ట్రైక్
'కొట్టు' ద్రావిడ క్రియ. తమిళ, మలయాళాల్లో వాద్యం వాయించడానికీ ఇదే మాట. తెలుగులో ఎక్కడెక్కడికో పాకింది. ఇస్నాపూర్ చౌరస్తాలో టైరుకు గాలి కొడతారు, లారీ డ్రైవర్లు హారన్ కొడతారు, పాశమైలారం వైపు ఫ్యాక్టరీ గేట్ల దగ్గర కార్మికులు పంచ్ కొట్టి లోపలికి పోతారు. వీటిలో దేనిలోనూ దెబ్బ లేదు. హిందీ 'మార్‌నా'దీ ఇదే తీరు.

ఇంగ్లీషు 'స్ట్రైక్' నడిచిన దారి ఇంకా విచిత్రం. పాత ఇంగ్లీషులో దాని అర్థం మెల్లగా నిమరడం, సాగిపోవడం. దానికి చుట్టమైన జర్మన్ 'ష్ట్రైషెన్' ఇప్పటికీ నిమరడానికీ, రొట్టె మీద వెన్న రాయడానికీ, గోడకు రంగు వేయడానికీ పనికొస్తుంది. ఇంగ్లీషులో మాత్రం ఆ నిమురు దెబ్బగా ముదిరింది. తెరచాప దించడాన్నీ ఆ క్రియతోనే చెప్పేవారు. 1768లో లండన్ నావికులు తెరచాపలు దించి ఓడలను కదలనివ్వలేదు. పని ఆపడమనే అర్థం అక్కడి నుంచే వచ్చిందంటారు. సమ్మెకు కార్మికవాడల్లో వినిపించే 'స్ట్రైక్' ఆ మాటే.